తూర్పు గాలిలో ఇంజిన్ ఆగిన ప్రయాణికుల ఓడ: ఒక కేసు వివరణ

ప్రమాదంలో చిక్కుకున్న ఓడ దగ్గరికి చేరగానే ప్రయాణికులను వెంటనే దించేయాలనిపించడం సహజం. ఒడ్డున ఉన్న బంధువులు, ఓడ యజమాని, మాటిమాటికీ ఫోన్ చేసే అధికారులు, అందరూ అడిగేది ఒకటే: ఎంతమందిని దించారు? ఈ కేసులో చాలా గంటల పాటు ఆ ప్రశ్నకు మా దగ్గర ఉన్న జవాబు "మొదట దిగిన ముగ్గురు తప్ప ఎవరినీ దించలేదు" అన్నదే. ఆ నిర్ణయం వెనుక ఉన్న లెక్క ఏమిటో, అంతకు ముందు ఏమేం ప్రయత్నించి విఫలమయ్యామో చెబితే కొత్తగా వచ్చే టగ్గు (ఇతర ఓడలను లాగే ఓడ) మాస్టర్లకు, అంటే కెప్టెన్లకు, చిన్న ఓడల మీద పనిచేసే మేట్లకు (మాస్టర్ కింది అధికారులకు) ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. ఓడ పేరు, యజమాని, సంవత్సరం, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతోంది అన్న వివరాలను వదిలేశాను. గుర్తుపట్టడానికి వీల్లేకుండా దూరాలను, వేళలను కొద్దిగా సర్దాను కానీ, వాటి మధ్య ఉన్న నిష్పత్తిని మార్చలేదు. అప్పట్లో నేను విశాఖలో ఒక టగ్గుకు మాస్టర్‌గా ఉన్నాను.

నేపథ్యం

విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతూ ఆగ్నేయ ముఖంగా ఉంటుంది. బంగాళాఖాతంలోని వాయుగుండం మనకు ఉత్తరాన, కళింగపట్నం, గోపాల్‌పూర్‌ల మధ్య తీరం దాటితే విశాఖలో గాలి చాలావరకు పడమటి దిక్కు నుంచి, అంటే నేల మీది నుంచి సముద్రంలోకి వీస్తుంది. అదే వాయుగుండం మనకు దక్షిణాన, తుని, కాకినాడల వైపు దాటితే గాలి ఈశాన్యం నుంచి, తూర్పు నుంచి వచ్చి నేరుగా ఒడ్డు మీదికి తోస్తుంది. ఇంజిన్ ఆగిన ఓడకు మొదటి పరిస్థితిలో సముద్రం వైపు కొట్టుకుపోయే అవకాశం ఉంటుంది, కాబట్టి సమయం దొరుకుతుంది. రెండో పరిస్థితిలో ఆ సమయం దొరకదు.

ఈ కేసులో జరిగింది రెండోదే. అక్టోబరు నెల. తీవ్ర వాయుగుండం కాకినాడ వైపు కదులుతోంది, పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురుతోంది, మత్స్యకారుల బోట్లు చాలావరకు ఫిషింగ్ హార్బరుకు చేరుకున్నాయి. తీరం వెంబడి దక్షిణానికి వస్తున్న ఒక చిన్న ప్రయాణికుల ఓడ, సుమారు 45 మీటర్ల పొడవున్నది, అరవై మందికి పైగా ప్రయాణికులతో విశాఖ ఔటర్ హార్బరులో తలదాచుకోవాలని వస్తోంది. కెరటాల ఎత్తు మూడు మీటర్లకు పైగా ఉంది.

మధ్యాహ్నం రెండు దాటాక, భీమిలి తీరానికి సుమారు 8 నాటికల్ మైళ్ల దూరంలో ఇంజిన్ ఆగిపోయింది. కారణం కొత్తదేమీ కాదు. ఇంధనపు ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి, ఓడ విపరీతంగా ఊగేసరికి పైకి లేచి ఫిల్టర్లలోకి వచ్చింది. ఫిల్టర్లు మార్చారు, లైన్లలో చేరిన గాలిని తీశారు, ఇంజిన్ కొన్ని నిమిషాలు నడిచి మళ్లీ ఆగింది. జనరేటర్లు కూడా అదే ట్యాంకు నుంచి తాగుతాయి కాబట్టి కాసేపటికి అవీ ఆగాయి. మిగిలింది రేడియోకు, అత్యవసర దీపాలకు సరిపడే బ్యాటరీ.

సమస్య రూపం

ఇంజిన్ లేని ఓడ గాలికి, కెరటాలకు అడ్డంగా తిరిగిపోతుంది. ఈ ఓడ కూడా అలాగే తిరిగి, గంటకు సుమారు 2 నాటికల్ మైళ్ల వేగంతో ఒడ్డు వైపు జరగసాగింది. 8 మైళ్లకు 2 చొప్పున నాలుగు గంటలు. అక్టోబరులో విశాఖలో సాయంత్రం ఆరు దాటితే వెలుగు ఉండదు. అంటే ఓడ రుషికొండ, భీమిలిల మధ్య రాళ్ల మీదికి చేరే వేళ, చీకటి పడే వేళ ఒకటే అవుతున్నాయి.

ఓడ మాస్టర్ ఇంజినీర్ల మీద నమ్మకంతో ముప్పావు గంట పాటు ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానల్లో పాన్-పాన్ పిలుపు (ప్రాణాపాయం ఇంకా రాలేదు కానీ సాయం అత్యవసరమని చెప్పేది) ఇచ్చాడు. భారత తీరంలో ఇలాంటి పిలుపులను సమన్వయం చేసే బాధ్యత కోస్ట్ గార్డ్‌ది. చెన్నైలోని సముద్ర రక్షణ సమన్వయ కేంద్రం పరిధిలో విశాఖలో ఒక ఉపకేంద్రం ఉంది. మా టగ్గును బయలుదేరదీసింది, ఆ రాత్రంతా అందరి మాటనూ ఒక చోటికి తెచ్చింది ఆ ఉపకేంద్రమే. ఎదురు కెరటాల్లో మేం అక్కడికి చేరడానికి రెండు గంటలు పైనే పడుతుంది. ఆలోగా ఆ ఓడ తన సంగతి తాను చూసుకోవాలి.

మొదటి ప్రయత్నాలు

ఉపకేంద్రం ఓడ మాస్టర్‌కు ఇచ్చిన మొదటి సూచన లంగరు గురించి. లోతు 40 మీటర్లకు తగ్గగానే లంగరు దించమన్నారు. దించడానికి కరెంటు అక్కర్లేదు, బ్రేకు వదిలితే గొలుసు తన బరువుతోనే జారుతుంది. ఆ ఓడ దగ్గర ఆరు షాకిళ్ల గొలుసు ఉంది. షాకిల్‌కు 27.5 మీటర్ల చొప్పున 165 మీటర్లు, అంటే లోతుకు నాలుగింతలు. తుపాను గాలిలో అది చాలదని అందరికీ తెలుసు. అనుకున్నట్టే లంగరు నిలవలేదు, నేలను గీరుకుంటూ జరిగింది.

లంగరు నిలవడం లేదని తెలిసి అక్కడి మేట్ ఇక దాని వల్ల ప్రయోజనం లేదన్నాడు. ఇక్కడే ఒక సంగతి గమనించాలి. జారుతున్న లంగరు రెండు పనులు చేసింది. ఓడ ముందు భాగాన్ని కెరటాలకు ఎదురుగా తిప్పింది, దాంతో ప్రమాదకరమైన ఊగు తగ్గింది. కొట్టుకుపోయే వేగాన్ని 2 నాట్స్ (గంటకు 2 నాటికల్ మైళ్లు) నుంచి సుమారు అర నాట్‌కు తగ్గించింది. అప్పటికి ఒడ్డు 4 మైళ్ల దూరంలో ఉంది. పాత వేగంతో అది రెండు గంటల దూరం, కొత్త వేగంతో ఎనిమిది గంటల దూరం. ఆ ఆరు గంటల తేడా లేకపోతే ఈ కేసు మరోలా రాయాల్సి వచ్చేది.

ఈలోగా ఆలస్యంగా తిరిగి వస్తున్న రెండు మరబోట్లు పిలుపు విని దగ్గరికి వచ్చాయి. వాళ్ల ధైర్యాన్ని ఎంత చెప్పినా తక్కువే. ఒక బోటు ఓడ పక్కకు చేరి ప్రయాణికులను దించుకోవడం మొదలుపెట్టింది. ముగ్గురు క్షేమంగా దిగారు. నాలుగో మనిషి నిచ్చెన చివర ఉండగా బోటు ఒక్కసారిగా పైకి లేచింది, అతని పాదం బోటు అంచుకూ ఓడ పక్కకూ మధ్య నలిగింది. అతన్ని తిరిగి ఓడలోకే లాగారు.

ఉపకేంద్రం వెంటనే ఆ పని ఆపించింది. ఆ నిర్ణయం సరైనదే. ఓడ డెక్కు నీటికి రెండున్నర మీటర్ల ఎత్తున ఉంది, బోటు అంచు మీటరు ఎత్తున. రెండూ ఒకే కెరటం మీద ఒకేలా కదలవు, ఒకటి లేచేటప్పుడు మరొకటి దిగుతుంది. కాబట్టి మనిషి దాటాల్సిన ఎడం ఒక క్షణం అడుగు ఉంటే మరుక్షణం మూడు మీటర్లు ఉంటుంది. కళాసీలకు కూడా కష్టమైన ఆ దూకడం, చీరల్లో ఉన్నవాళ్లకు, చంటిపిల్లలను ఎత్తుకున్నవాళ్లకు అసాధ్యం. బోట్లను మాత్రం వెనక్కి పంపలేదు. వాటికి అసలు సరిపోయే పని అప్పగించారు: ఓడకు గాలివాలున, కాస్త ఎడంగా నిలబడి, ఎవరైనా నీళ్లలో పడితే ఎత్తుకోవడం. అంచు తక్కువ ఎత్తున ఉన్న బోటు ఆ పనికి మా టగ్గు కన్నా మేలు.

హెలికాప్టర్ మాట కూడా వచ్చింది. నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉన్నది విశాఖలోనే. అయితే మేఘాలు బాగా కిందికి ఉన్నాయి, ఓడ వెనుక డెక్కు మీద గుడారపు గొట్టాలు, యాంటెన్నా తీగలు అడ్డంగా ఉన్నాయి, ఒక్కసారికి ఒకరిద్దరికి మించి ఎత్తలేరు. అరవై మందిని అలా తీయడం కుదరదు. ఓడను వదిలేయాల్సి వస్తే నీళ్లలో ఉన్నవాళ్ల కోసం హెలికాప్టర్‌ను సిద్ధంగా ఉంచాలని తేల్చారు.

తెగిన మోకు

మేం చేరేసరికి వెలుగు పోతోంది. నా లెక్క ఇది: చీకటి పడకముందే మోకు అందించి, ఓడను ఒడ్డుకు దూరంగా లాగాలి. లైన్ త్రోయర్‌తో సన్నని తాడు విసిరాం, రెండోసారికి అందింది. వాళ్ల డెక్కు మీద కరెంటు లేదు కాబట్టి మా బరువైన మోకును చేతులతోనే లాక్కోవాలి. ఆ కారణంగా సుమారు 150 మీటర్లే ఇచ్చాం. వాళ్లు దాన్ని ముందున్న ఒకే బొల్లార్డుకు (మోకు కట్టే ఇనుప దిమ్మెకు) చుట్టారు.

మా టగ్గు సరంగు (కళాసీల పెద్ద) జాలరిపేట మనిషి, నాకన్నా వయసులో చాలా పెద్ద. మోకు బిగుస్తుండగానే అన్నాడు, "సారూ, మోకు సాల్లేదండి. ఇది సాగదు, తెగిపోద్ది." పావుగంటలో తెగిపోయింది. తెగిన కొనను తర్వాత చేతిలోకి తీసుకుని చూశాం. ఒక వైపు నైలాను పోగులు కరిగి గట్టిపడి గాజులా మెరుస్తున్నాయి. మరో వైపు పోగులు పిచ్చుక గూడులా చెదిరి ఉన్నాయి. అంటే రెండు కారణాలు కలిశాయి. కరిగినవైపు ఓడ అంచు దగ్గర ఒరిపిడికి వేడెక్కింది, చెదిరినవైపు ఒక్క కుదుపుకు తెగింది.

కుదుపు ఎందుకు వచ్చిందో లెక్క వేస్తే తెలుస్తుంది. ఆ రోజు కెరటాలు సుమారు ఎనిమిది సెకన్లకు ఒకటి చొప్పున వస్తున్నాయి. లోతు నీటిలో అలాంటి రెండు కెరటాల శిఖరాల మధ్య సుమారు 100 మీటర్ల దూరం ఉంటుంది. 150 మీటర్ల మోకు అంటే ఒకటిన్నర కెరటం. టగ్గు శిఖరం మీద ఉన్నప్పుడు ఓడ లోయలో ఉంటుంది, టగ్గు కిందికి జారేటప్పుడు ఓడ పైకి ఎక్కుతుంది. మోకు ఒకసారి నీళ్లలోకి వాలి, మరుక్షణం కొరడాలా బిగుస్తుంది. మోకు పొడవును పూర్తి కెరటాల లెక్కలో, 200 లేదా 300 మీటర్లు, ఉంచితే రెండూ ఒకేసారి లేచి ఒకేసారి దిగుతాయి. పైగా పొడవైన మోకు తన బరువుకు మధ్యలో కిందికి వంగి ఉంటుంది, ఆ వంపే కుదుపును మింగుతుంది. పుస్తకాల్లో ఉన్న విషయమే ఇది. చీకటి ముంచుకొస్తున్నప్పుడు, అవతల చేతులతో లాగే కళాసీలు నలుగురే ఉన్నప్పుడు, పొట్టి మోకే నయమనిపిస్తుంది.

మోకు తెగిన క్షణాన లంగరు ఇంకా కిందే ఉంది. అది లేకపోతే ఓడ మళ్లీ అడ్డం తిరిగేది.

మరుగును దేనికి వాడాలి

విశాఖ బయటి లంగరు రేవులో సరకుతో నిండిన ఒక బల్క్ క్యారియర్ (పెద్ద సరకు ఓడ) బెర్తు కోసం ఎదురుచూస్తోంది. దాన్ని లంగరు ఎత్తి వచ్చి, చిన్న ఓడకు గాలి వచ్చే వైపున అడ్డంగా నిలబడి, గాలి, కెరటాలు నేరుగా తగలకుండా మరుగు ఇవ్వమని ఉపకేంద్రం కోరింది. ఖాళీ ఓడ కన్నా సరకు ఓడను ఎంచుకోవడానికి కారణం ఉంది. నీళ్లలోకి దిగి ఉన్న ఓడను గాలి తక్కువగా తోస్తుంది, కాబట్టి మరుగు ఎక్కువసేపు నిలుస్తుంది. అయితే అంత లోతుగా ఉన్న ఓడ 25 మీటర్ల లోతు గీతకు ఇవతలికి రాలేదు, చిన్న ఓడ గొలుసు మీదికి కొట్టుకురాకూడదు. అందుకని నెమ్మదిగా ముందుకు కదులుతూ, ఒక దఫాకు అరగంట మించి మరుగు ఇవ్వలేనని దాని కెప్టెన్ స్పష్టంగా చెప్పాడు. మళ్లీ తిరిగి రావడానికి గంట పడుతుంది.

ఆ అరగంటను దేనికి వాడాలన్నదే ఈ కేసులో అసలు ప్రశ్న. ఓడ మాస్టర్, ఒడ్డున ఉన్న యజమాని ప్రతినిధి ఇద్దరూ ప్రయాణికులను దించడానికే వాడమన్నారు. మరుగులో నీళ్లు నెమ్మదిస్తాయి, కోస్ట్ గార్డ్ రబ్బరు బోటు పక్కకు చేరగలదు, నిజమే. కానీ మరుగులో కూడా ఒక మనిషిని నిచ్చెన మీది నుంచి జాగ్రత్తగా దించడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అరగంటలో పదిహేను మంది దిగితే గొప్ప. అంటే అందరూ దిగడానికి నాలుగైదు దఫాలు, ఐదారు గంటలు. అప్పటికి ఓడ బల్క్ క్యారియర్ రాలేని లోతులోకి జరిగిపోయి ఉంటుంది. ఎవరు ముందు దిగాలన్న తగువు ఒకసారి మొదలైతే మిగతావాళ్లు ఒకే పక్కకు గుమికూడతారు. ఆ పరిమాణపు ఓడలో అది కెరటం కన్నా ప్రమాదం.

అదే అరగంటలో సరైన మోకు కట్టగలిగితే లాభం పదిహేను మందికి కాదు, అందరికీ. మోకు కట్టడం విఫలమైతే రెండో దఫా మరుగులో దించడం మొదలుపెట్టవచ్చు. దించడం సగంలో ఆగితే మాత్రం మిగిలినవాళ్లకు మోకూ ఉండదు, సమయమూ ఉండదు. నేను ఈ లెక్కనే రేడియోలో చెప్పాను. ఉపకేంద్రం ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టింది: చార్టు మీద 20 మీటర్ల లోతు గీతను హద్దుగా పెట్టుకోండి, మోకు లేకుండా ఆ గీత చేరితే మరో ఆలోచన లేకుండా తెప్పలు దించి ఓడను వదలాలి. ఆ తెప్పలు, అంటే గాలితో నిండే లైఫ్ రాఫ్టులు, కెరటాలు విరిగే చోట బోల్తా పడతాయి. వాటిని దించాల్సి వస్తే ఒడ్డుకు ఇంకా ఎడం ఉండగానే దించాలి. హద్దును ముందే గీసుకోవడం వల్ల జరిగిన మరో మేలు, ఆ తర్వాత ఎవరూ "ఇంకో పది నిమిషాలు చూద్దాం" అనలేదు.

మరుగు దొరికింది. నీటి మీద నురుగు తగ్గి, రేడియోలో గాలి హోరు లేకుండా మాటలు వినిపించాయి. ఈసారి 300 మీటర్ల మోకు. దాని చివర రెండు కాళ్ల బ్రైడిల్ (రెండు పాయలుగా చీలే తాడు) కట్టి, ఒక్కో కాలును ఒక్కో వైపు బొల్లార్డుకు వేసి, అక్కడి నుంచి వెనుక బొల్లార్డులకు కూడా చుట్టించాం, ఒక్క దాని మీదే బరువు పడకుండా. ఓడ అంచును ఒరిసే చోట పాత ఫైర్ హోసును నిలువునా చీల్చి మోకుకు తొడిగి, పైన గ్రీజు పూసి, సన్నతాడుతో బిగించారు. నలుగురు కళాసీలు చాలరు కాబట్టి ప్రయాణికుల్లోంచి గట్టి మనుషులను ఓడ బోసన్ (అక్కడి కళాసీల పెద్ద) పిలిచాడు. వాళ్లు సన్నతాడు లాగే వరకే ఉండి, మోకు మీద బరువు పడకముందే లోపలికి వెళ్లిపోవాలని ఖచ్చితంగా చెప్పాం. తెగి వెనక్కి కొట్టే మోకు మనిషిని బతకనివ్వదు.

లాగకుండా

మోకు బిగిశాక అందరూ హార్బరుకు బయలుదేరమన్నారు. నేను వద్దన్నాను. చీకట్లో, పక్క నుంచి వచ్చే కెరటాల్లో, చుక్కాని పనిచేయని ఓడను పోర్టు ముఖద్వారం దాటించడం అంటే దాన్ని డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గరి బ్రేక్‌వాటర్ల (కెరటాలను ఆపే గోడల) మధ్య అదుపు లేకుండా వదిలినట్టే. వాయుగుండం తెల్లవారేలోగా తీరం దాటుతుందని, ఆ తర్వాత గాలి ఆగ్నేయానికి తిరిగి తగ్గుతుందని వాతావరణ కేంద్రం చెబుతోంది. కాబట్టి చేయాల్సింది ఓడను ఉన్నచోట నిలబెట్టడమే.

లంగరును అలాగే ఉంచి, టగ్గును గాలికి ఎదురుగా నెమ్మదిగా నడిపాం. ఇంజిన్ల శక్తిలో కొద్ది భాగమే వాడాం. మా టగ్గు ఎంత లాగగలదన్నది కాదు లెక్క, ఆ పాత ఓడ బొల్లార్డులు ఎంత ఓర్చుకోగలవన్నది. గొలుసు మీద బరువు తగ్గగానే లంగరు జారడం ఆగింది. జీపీఎస్‌లో స్థానం గంటసేపు మారకపోయేసరికి ఓడ మాస్టర్ గొంతు మొదటిసారి మామూలుగా వినిపించింది.

ఓడ లోపల జరిగిన పని గురించి తక్కువ చెప్పుకుంటాం కానీ, అది మా పని కన్నా చిన్నదేమీ కాదు. అందరినీ కింది హాల్లో నేల మీద, రెండు వైపులా సమానంగా కూర్చోబెట్టారు. తలుపులు బిగుసుకుపోకుండా తెరిచి కట్టేశారు. ప్రయాణికుల జాబితాకు, లెక్కపెట్టిన తలలకు పొంతన కుదరలేదు. చంటిపిల్లల పేర్లు జాబితాలో లేవు, టికెట్ లేకుండా ఎక్కిన బంధువులు కొందరున్నారు. చీఫ్ ఆఫీసర్ జాబితాను పక్కన పెట్టి, ప్రతి లైఫ్ జాకెట్ మీద మార్కర్‌తో ఒక అంకె వేశాడు, ఒక కుటుంబానికి వరస అంకెలు వచ్చేలా. ఆ తర్వాత ప్రతి గంటకూ "పన్నెండు ఉన్నారా, పదమూడు ఉన్నారా" అని పిలిచేవాడు. ఎవరు లేరో క్షణంలో తెలుస్తుంది. అంతకు మించి, తమను ఎవరో లెక్కలో ఉంచుకున్నారన్న ధైర్యం జనానికి వచ్చింది. చక్కెర జబ్బున్న ఒక పెద్దాయన వాంతులతో నీరసించిపోతే గ్లూకోజు బిస్కెట్లు, కొద్దికొద్దిగా నీళ్లు ఇస్తూ నెట్టుకొచ్చారు.

తెల్లవారాక గాలి తిరిగింది. గొలుసు చివరి పిన్ను తీసి, బోయా కట్టి, లంగరును అక్కడే వదిలేశాం. (ఆ లంగరు ఖరీదు ఎవరు భరించాలని యజమాని ప్రతినిధి ఆ ఉదయమే అడిగాడు. సముద్రంలో ఇలాంటి ప్రశ్నలకు వేళాపాళా ఉండదు.) మరో టగ్గు వచ్చి వెనుక మోకు పట్టుకుని ఓడ పక్కలకు ఊగకుండా చూసింది. ఔటర్ హార్బరులో ప్రయాణికులు మెట్ల మీదుగా దిగారు. జెట్టీ మీద అంకెలు పిలిచి సరిచూశారు.

తర్వాతి ఆలోచనలు

ఈ కేసు విన్నవాళ్లు తరచూ ఒక ప్రశ్న అడుగుతారు. 2020 అక్టోబరు 13న తెన్నేటి పార్కు దగ్గర బంగ్లాదేశ్ సరకు ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చింది కదా, అందులోని 15 మందీ క్షేమంగానే ఉన్నారు కదా, దీన్నీ అలాగే ఒడ్డెక్కనిస్తే ఏమయ్యేది? అది పెద్ద ఓడ, అందులో ఉన్నది శిక్షణ పొందిన సిబ్బంది, అది నిటారుగా కూర్చుంది. 45 మీటర్ల ఓడ విరిగే కెరటాల్లో అడ్డం తిరిగితే పక్కకు ఒరుగుతుంది. పైగా ఎక్కడ ఒడ్డెక్కుతుందో ఎంచుకునే వీలు ఇంజిన్ లేని ఓడకు లేదు. ఇసుక ఉన్న చోటికి, రాళ్లున్న చోటికి మధ్య అక్కడ దూరం ఎక్కువేమీ లేదు.

చిన్న ఓడల వాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇంధనపు ట్యాంకుల గురించే. అడుగు మడ్డిని కాలానుగుణంగా తీయించడం, జనరేటర్‌కు వేరే ట్యాంకు ఉంచడం పెద్ద ఖర్చు కాదు. పాన్-పాన్ పిలుపు ఇవ్వడానికి సంకోచం అక్కర్లేదు, ఇంజిన్ మళ్లీ నడిస్తే ఉపసంహరించుకోవచ్చు. కోస్ట్ గార్డ్‌కు 1554 అనే ఉచిత నంబరు ఉంది, తీరం దగ్గర మొబైల్ అందుతుంది. ప్రతి ఓడలోనూ తమను లాగాల్సి వస్తే మోకు ఎక్కడ కట్టాలో, ఏ బొల్లార్డు ఎంత బరువు ఆపుతుందో చూపే బొమ్మ ఒకటి బ్రిడ్జి మీద అతికించి ఉండాలి. ఆ రాత్రి చీకట్లో టార్చి పట్టుకుని వెతికి తెలుసుకున్నాం.

ఒక విషయంలో మాత్రం నాకూ, నాతో పనిచేసిన ఒక సీనియర్ పోర్టు పైలట్‌కూ (ఓడలను రేవులోకి నడిపించే అధికారి) ఇప్పటికీ మాట కలవదు. పాదం నలిగిన ప్రయాణికుడు రాత్రంతా కట్టుతో, నొప్పి మాత్రలతో ఓడలోనే ఉండి, ఉదయం విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు చేరాడు. మరుగు ఉన్న అరగంటలో అతనొక్కడినైనా రబ్బరు బోటులోకి దించాల్సిందని ఆ పైలట్ అంటాడు. బోటు ఖాళీగానే ఉంది, మోకు పని ముందు డెక్కు మీద, నిచ్చెన వెనుక వైపు, రెండూ ఒకదానికొకటి అడ్డం రావు అన్నది ఆయన వాదన. ఉన్న నలుగురు కళాసీల్లో ఇద్దరిని నిచ్చెన దగ్గరికి పంపితే మోకు అందుకునేవాళ్లు ఉండరన్నది నా వాదన. రక్తస్రావం ఆగకపోయి ఉంటే నేను కూడా ఆయన చెప్పినట్టే చేసేవాణ్ణి. కట్టు కట్టాక గంటసేపు రక్తం కారలేదని ఓడ నుంచి కబురు అందాకే అతన్ని అక్కడే ఉంచాం.